తెల్లకర్రకు తోడుగా ఏది: విడి జీపీఎస్ పరికరమా, ఉన్న ఫోనేనా?

కొత్తదారి: చూపు లేనివాళ్లు ఒంటరిగా కొత్త చోట్లకు వెళ్లడానికి స్టెల్లార్‌ట్రెక్ లాంటి, గొంతుతో దారి చెప్పే విడి జీపీఎస్ పరికరం కొనడం మేలా, మంచి ఆండ్రాయిడ్ ఫోన్ సరిపోతుందా? వాడేది హైదరాబాద్‌లో. మెట్రో, సిటీ బస్సు, దిగాక నడక. ధరలో తేడా చాలా ఉంది, కాబట్టి దయచేసి కారణాలతో చెప్పండి.

బొత్తాల_పక్షం: విడి పరికరమే కొనండి. ఒక చేతిలో కర్ర ఉంటే మిగిలేది ఒక్క చెయ్యే. ఆ చేత్తో టచ్ స్క్రీన్ మీద వెతుక్కోవాలంటే నడక ఆపాల్సిందే. వాన చినుకులు పడితే ఇంకా కష్టం. నీటిబొట్టును కూడా స్క్రీన్ వేలే అనుకుంటుంది, స్క్రీన్ మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఎక్కడెక్కడో చదువుతుంది. హ్యూమన్‌వేర్ 2022లో తెచ్చిన స్టెల్లార్‌ట్రెక్‌కు నిజమైన బొత్తాలున్నాయి, వేలికి తగలగానే ఏదేంటో తెలుస్తుంది. మ్యాప్ లోపలే ఉంటుంది కాబట్టి డేటాతో పనిలేదు. రోడ్డు దాటుతుండగా ఫోన్ కాల్ వచ్చి దారి చెప్పే గొంతును మింగేయడమూ ఉండదు.

ఫోన్_చాలండీ: బొత్తాల సంగతి ఒప్పుకుంటాను. కానీ ఉపగ్రహాలు దొరకబుచ్చుకోవడంలో ఫోన్‌దే పైచేయి. ఉపగ్రహం తన కక్ష్య వివరాలను 30 సెకన్లకోసారి మొదటి నుంచి పంపుతుంది. మధ్యలో భవనం అడ్డొచ్చి సిగ్నల్ తెగితే తప్పిన ముక్క కోసం మళ్లీ ఆగాలి. నెట్ లేని పరికరాన్ని కొన్ని రోజులు ఆపేసి, మెట్రో మెట్ల కింద ఆన్ చేస్తే నిమిషాలు పడుతుంది. ఫోన్ ఆ వివరాలను నెట్ నుంచి లాగేసుకుని సెకన్లలో తేల్చేస్తుంది. జీపీఎస్ ఉపగ్రహాలు పంపే ఎల్1, ఎల్5 రెండు ఫ్రీక్వెన్సీలూ అందుకునే ఫోన్లు 2018లో షావోమీ ఎంఐ 8తోనే వచ్చాయి. కొనేటప్పుడు స్పెసిఫికేషన్లలో "డ్యూయల్ ఫ్రీక్వెన్సీ" అని ఉందో లేదో చూడండి. గోడలకు తగిలి తిరిగొచ్చే సిగ్నల్‌ను అసలు దాని నుంచి విడదీయడంలో ఎల్5 బాగా పనికొస్తుంది. పైగా గూగుల్ మ్యాప్స్ తెలుగులోనే దారి చెబుతుంది.

కర్ర_నడక_శిక్షణ: ఇద్దరూ యంత్రం దగ్గరే ఆగిపోయారు. ఆకాశం తెరిచి ఉన్నచోట ఫోన్ జీపీఎస్‌కు సుమారు 5 మీటర్ల తేడా మామూలే. మన రోడ్డులో ఒక లేను వెడల్పే 3.5 మీటర్లు. అంటే మీరు రోడ్డుకు ఏ పక్కన ఉన్నారో ఏ యంత్రమూ ఖాయంగా చెప్పలేదు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కింద నడిస్తే నెత్తిన కాంక్రీటు ఉంటుంది, తేడా ఇంకా పెరుగుతుంది.

అంతకంటే ప్రమాదం దిక్కు. జీపీఎస్‌కు మీరు కదిలితేనే దిక్కు తెలుస్తుంది. బస్సు దిగి నిలబడ్డప్పుడు "ఎడమకు తిరగండి" అంటే అది బస్సు వచ్చిన దిక్కును బట్టి అన్న మాట కావచ్చు. ఫోన్ దిక్సూచి ఉంది కదా అంటారేమో, ఇనుప రెయిలింగ్ పక్కన అదీ తప్పుతుంది. అందుకని దిగగానే ఫుట్‌పాత్ అంచు పట్టుకుని, ఒకే వైపు పదిహేను ఇరవై అడుగులు వేసి, అప్పుడు గమ్యం ఎంత దూరమో యంత్రాన్ని అడగండి. తగ్గితే సరైన దారి. పెరిగితే వెనక్కి తిరగండి.

ఇంకొకటి, యంత్రాన్ని ప్యాంటు జేబులో పెట్టొద్దు. శరీరమే సిగ్నల్‌ను మింగేస్తుంది. భుజం పట్టీకి క్లిప్ చేయండి, పైభాగం ఆకాశం వైపు ఉండాలి.

బొత్తాల_పక్షం: సరిగ్గా చెప్పారు. పరికరం గెలిచేది కూడా అక్కడే. గేటు దగ్గర నిలబడి "నీలం గేటు, ముందు రెండు మెట్లు" అని సొంత గొంతుతో గుర్తు రికార్డు చేయొచ్చు. మ్యాప్‌లో లేని సందుకైనా అది పనికొస్తుంది.

ఫోన్_చాలండీ: ఆ పని ఓఎస్‌ఎమ్‌ఆండ్ అనే మ్యాప్ యాప్‌లోనూ అవుతుంది, నెట్ లేకుండానే. ముందుగా తెలంగాణ మ్యాప్ దించుకోండి. గేటు దగ్గర ఒక నిమిషం కదలకుండా నిలబడండి, రీడింగ్ స్థిరపడాలి. అప్పుడు ఫేవరెట్‌గా దాచండి. పేరులో దగ్గరి మెట్రో లేదా ఫ్లైఓవర్ పిల్లర్ నంబరు కూడా పెట్టండి, ఆటో ఆయనకు చెప్పాల్సింది అదే. సెట్టింగ్స్‌లో ఆ యాప్ బ్యాటరీని "అన్‌రిస్ట్రిక్టెడ్" చేయడం మాత్రం మరవొద్దు. చేయకపోతే స్క్రీన్ ఆరాక ఫోన్ యాప్‌ను ఆపేస్తుంది, దారి మధ్యలో గొంతు ఆగిపోతుంది. చాలామంది జీపీఎస్ పోయిందని తిట్టుకునేది దీనికే. ఇక 2025లో తపాలా శాఖ తెచ్చిన డిజిటల్ చిరునామా కోడ్ డిజిపిన్ ఉండనే ఉంది, 10 అక్షరాలతో దాదాపు 4 మీటర్ల గడి దొరుకుతుంది.

కర్ర_నడక_శిక్షణ: గడి 4 మీటర్లైనా మీ రీడింగ్‌కు 5 మీటర్ల తేడా ఉన్నప్పుడు పక్క గేటే తగలొచ్చండీ. చివరి పది మీటర్లు కర్రతోనే వెతకాలి.

కొత్తదారి: మరి యాప్ మూతపడితే?

బొత్తాల_పక్షం: మూతపడుతుంది. చుట్టూ ఏమున్నాయో శబ్దాలతో చెప్పే యాప్ మైక్రోసాఫ్ట్ సౌండ్‌స్కేప్ 2018లో వచ్చింది, 2023లో ఆపేశారు.

ఫోన్_చాలండీ: కోడ్ బయటపెట్టారు కాబట్టి దాని మీదే వేరేవాళ్లు కొత్త యాప్‌లు కట్టారు. హ్యూమన్‌వేర్ వాళ్లదే పాత జీపీఎస్ పరికరం ట్రెక్కర్ బ్రీజ్ ఆగిపోయినప్పుడు ఆ అవకాశం కూడా లేదు.

కర్ర_నడక_శిక్షణ: కొత్తదారి గారూ, డబ్బు కట్టేముందు అమ్మేవాళ్లను మూడు అడగండి: ఇండియా మ్యాప్ ఉందా, దాన్ని ఎన్నాళ్లకోసారి మారుస్తారు, బ్యాటరీ ఇక్కడే మార్చగలరా? జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. తర్వాత తెలిసిన దారిలోనే పరీక్షించండి. చూపున్న మనిషి ఒకరు వెంట ఉండి, "మలుపు" అని యంత్రం అన్న చోటికీ అసలు మలుపుకూ మధ్య అడుగులు లెక్కపెట్టాలి. అమీర్‌పేట మెట్రో కింద ఒకసారి, ఖాళీ కాలనీ రోడ్డులో ఒకసారి. ముందు చేతిలో ఉన్న ఫోన్‌తో చేయండి. తడిచేత్తో వాడడం, ఒక చేత్తో నడపడం తప్ప మిగతావన్నీ కుదిరితే ఆ రెంటి కోసం బ్లూటూత్ బొత్తాల రిమోట్ కొని చూడండి. అదీ కుదరకపోతేనే విడి పరికరం. చెవులు మూసే హెడ్‌ఫోన్లు మాత్రం దేనికీ వద్దు, వెనక వచ్చే బండి వినబడాలి.

బొత్తాల_పక్షం: రిమోట్ చార్జింగ్ అయిపోతే మళ్లీ స్క్రీనే దిక్కు. అందుకే నా ఓటు ఇప్పటికీ పరికరానికే.