నడుం నొప్పికి ఫస్ట్ టైం కైరోప్రాక్టర్ (వెన్ను, కీళ్లని చేత్తో నొక్కి వైద్యం చేసేవాళ్లు) దగ్గరికి వెళ్తున్నా, ముందే ఏం అడగాలి?

అందరికీ నమస్తే అండి. డాలస్‌లో ఉంటా, రోజంతా కూర్చుని చేసే పని, 2 నెలలుగా నడుం పట్టేసి పొద్దున్నే సాక్స్ వేసుకోవాలన్నా మంచం పట్టుకోవాల్సొస్తోంది. గురువారం అపాయింట్‌మెంట్. వాళ్లు నొక్కినప్పుడు వచ్చే ఆ టక్‌మనే సౌండ్ ఎముక విరిగింది కాదు, కీలులో గ్యాస్‌ వల్ల అని తెలుసు, దానికి భయం లేదు. భయమంతా మెడ గురించే, గట్టిగా తిప్పితే అరుదుగా రక్తనాళం చీరి స్ట్రోక్ కూడా రావచ్చంట కదా, మెడ ముట్టుకోకుండా నడుముకి మాత్రమే చెయ్యమంటే ఒప్పుకుంటారా? ఇంకోటి, వచ్చే నెల గుంటూరు నుంచి అమ్మ వస్తోంది, తనకీ నడుం నొప్పే, కానీ ఎముకలు గుల్లబారాయి, రక్తం పల్చబడే మాత్రలు కూడా వేసుకుంటుంది, తనని తీసుకెళ్లకపోవడమే మంచిదనుకుంటున్నా, కరెక్టేనా? మొదటి రోజే 20 సిట్టింగుల ప్యాకేజీ కట్టమంటే మీరేం చేశారు? వెళ్లొచ్చినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.