వరదలో తడిసిన హార్మోనియం, పాట మానేసిన నాన్న: ఏం చేయాలి?

మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు ఇంట్లోకి వచ్చినప్పుడు నాన్నగారి హార్మోనియం మూడు రోజులు బురదలోనే ఉండిపోయింది. తిత్తి అట్టలా బిగుసుకుపోయింది. మెట్టు నొక్కితే మళ్లీ పైకి లేవదు. రెండు స్వరాలు మాత్రం ఇంకా మూలుగుతున్నాయి.

నాన్న ముప్పయ్యేళ్లు పద్యనాటకాలకు వాయించారు. హరిశ్చంద్ర కాటిసీనులో జాషువా గారి పద్యాలంటే ఆయనకు ప్రాణం. గుడిలోకి రానివ్వని మనిషి తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపినట్టు 1941లోనే రాసిన కవి జాషువా. 'అవమానాన్ని కూడా రాగంలో పెట్టొచ్చురా' అని నాకు చెప్పిన నాన్నే ఇప్పుడు నోరు విప్పడం లేదు. కొత్తది కొంటానంటే కసురుకుంటున్నారు.

పాత హార్మోనియం విప్పి రీడ్లు శుభ్రం చేసి, శ్రుతి సరిచేసేవాళ్లు విజయవాడ, గుంటూరు, తెనాలి వైపు ఎవరైనా ఉన్నారా? సుమారు ఎంతవుతుంది? మీ ఇళ్లలో ఇలా కళ ఆగిపోయినవాళ్లు మళ్లీ ఎలా మొదలుపెట్టారు? ఎవరైనా పద్యం నేర్పమని అడిగితే కదులుతారేమోనని నా ఆశ. నాకా, గొంతు లేదు.