అమ్మకు లైఫ్ కోచ్ అవసరమా, ఆటలు సరిపోతాయా?

నమస్కారం అండీ. మా అమ్మకు 61 ఏళ్లు. నాన్న పోయి రెండేళ్లయింది. అప్పటి నుంచి దేని మీదా మనసు పెట్టడం లేదు. డాక్టరుకు చూపిస్తే జబ్బేమీ లేదన్నారు.

మొన్న సంక్రాంతికి మా పాప అటక మీది వామనగుంటల పీట దింపించింది. రెండు వరుసల్లో ఏడేసి గుంటలు, డబ్బాలో చింతగింజలు. అమ్మ తనే వచ్చి కూర్చుని, గింజలు గుప్పిట్లోకి తీసుకుని, "లెక్క చూసుకుని పంచవే పిల్లా" అంటూ పకపకా నవ్వింది. ఆ నవ్వు విని నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

లైఫ్ కోచ్ అంటే మాట్లాడుతూ, జీవితంలో ముందుకు సాగేలా దారి చూపే మనిషి. వాళ్లలో ఆటలతోనే ఉత్సాహం తెప్పించే లైఫ్ కోచ్‌లు ఉంటారని స్నేహితురాలు చెప్పింది. ఒకరికి ఫోన్ చేస్తే ఆటల ఊసే లేదు, మూడు నెలల డబ్బు ముందే కట్టమన్నారు. మన దేశంలో ఈ పనికి లైసెన్స్ అక్కర్లేదు కదా, అందుకే టెన్షన్.

మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఎవరైనా ఇలా కోచింగ్ ఇప్పించారా? మొదటిసారి మాట్లాడినప్పుడు ఏం అడగాలి? లేదా అపార్ట్‌మెంట్‌లో అమ్మ వయసు వాళ్లను నలుగురిని పోగేసి మేమే ఆడిస్తే మేలా? అలా చేసినవాళ్లు ఉంటే, మొహమాటపడే వాళ్లను మొదటి రోజు ఎలా రప్పించారో చెప్పండి, ప్లీజ్.