‘కాటనుం తం భగీరథం’: ఆ ‘నుం’ ఎక్కడిది?

గౌతమీతీరం: ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొరను స్మరించే శ్లోకంలో ‘నిత్య గోదావరీ స్నాన పుణ్యదో యో మహామతిః’ తరువాత ‘స్మరామ్యాంగ్లదేశీయం’ అనాలా, ‘స్మరామ్యాంగ్లేయ దేశీయం’ అనాలా? ఇంతకీ కాటన్ దొర పూర్వులు పత్తి వర్తకులా?

ఛందోభిమాని: ‘ఆంగ్లేయ’నే. అనుష్టుప్పుకు పాదానికి ఎనిమిది అక్షరాలు. ‘ఆంగ్లదేశీయం’ అంటే ఏడే. కొందరు ‘మహమతిః’ అంటారు, అదీ తప్పే. సమపాదంలో (రెండు, నాలుగు పాదాల్లో) ఆరో అక్షరం గురువు కావాలి.

నుడికడలి: ఛందస్సు సరేనండీ, ‘కాటనుం’ మాటేమిటి? ‘కాటన్’ అని హలంతమైతే (పొల్లుతో ముగిస్తే) ద్వితీయలో ‘కాటనం’ కావాలి. అలా అన్నా గణం చెడదు.

ఛందోభిమాని: ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. డెల్టా జనం నోట ఆయన ‘కాటను దొర’. ఉకారాంత పుంలింగం: గురుం, కాటనుం. శ్లోకం కట్టినవారిది తెలుగు చెవి.

పాతరాత: పత్తితో సంబంధం లేదు. పత్తి పేరు అరబ్బీ ‘ఖుత్న్’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. ఇంటిపేరు మాత్రం ఊరిపేరు. పాత ఇంగ్లీషులో ‘కాట్’ అంటే గుడిసె, ‘కాటుమ్’ అంటే గుడిసెల దగ్గర. కేంబ్రిడ్జి పక్కన కోటన్, స్టాఫర్డ్‌షైర్‌లో ఒక కాటన్ అలా వచ్చినవే. నాటింగ్‌హామ్‌షైర్‌లోని కాటమ్‌లో ఆ ‘మ్’ నేటికీ నిలిచి ఉంది. ఇన్ని ఊళ్ళున్నాయి కనుక కాటన్లందరూ ఒకే వంశం కారు. మన దొరగారివి చెషైర్‌లోని కాంబర్‌మియర్ కాటన్ల మూలాలు.

నుడికడలి: అయితే అది మన కందుకూరు, కందుకూరి వంటిదే! విభక్తి గడ్డకట్టి ఇంటిపేరైంది.

పాతరాత: కాదండీ. ‘ఉమ్’ ఊరిపేరులోనే ఇమిడిపోయింది, మనిషి పేరుకు ఎక్కేటప్పుడు చేరింది కాదు. మధ్యయుగపు పత్రాల్లో ఇంటిపేరు ముందు ‘ఫలానా ఊరి’ అనే అర్థంలో ‘డి’ రాసేవారు, ‘డి కోటన్’ అని. మన ‘రి’కి సాటి ఆ ‘డి’. తరువాత అది రాలిపోయింది; మన ‘రి’ నిలిచింది.

గౌతమీతీరం: మరి బమ్మెర పోతనకు ఆ ‘రి’ ఏదండీ?

ఛందోభిమాని: ‘బమ్మెర’ అకారాంతం, ఔపవిభక్తికం (విభక్తి ముందు పదం చివర వచ్చే మార్పు) రాదు. ‘ఊరు’తో ముగిసే పేర్లకే ‘ఊరి’ వస్తుంది.

ఒంటిమిట్టవాసి: పోతన ఊసు వచ్చింది కనుక చెబుతున్నాను. భాగవతంలో పోతన చెప్పిన ఏకశిలానగరం మా ఒంటిమిట్టే. మా కోదండరాముడి గుడిలో సీతారామలక్ష్మణులు ముగ్గురూ ఒకే శిలలో ఉన్నారు.

పాతరాత: ఓరుగల్లు పేరులోనే ఒక్క కల్లు ఉంది కదండీ! బమ్మెర ఆ సీమలోని ఊరే.

ఒంటిమిట్టవాసి: పేరు పోలికతో కవి ఊరు తేలదు. రాముడి ఆనతితో భాగవతం మొదలుపెట్టానన్న కవికి కోదండరాముడి గుడికన్నా దగ్గరి చోటు ఏది?