శాఖా గ్రంథాలయానికి సొంత భవనం: డబ్బు ఎక్కడి నుంచి?

పల్లెపాఠకుడు:
గుంటూరు జిల్లాలో మా ఊరి శాఖా గ్రంథాలయం అద్దె ఇంట్లో నడుస్తోంది. ఊళ్ళో ఒకాయన 5 సెంట్ల స్థలం ఇస్తానంటున్నారు. 800 చదరపు అడుగులకు 16 లక్షలవుతుందని మేస్త్రీ లెక్క. ఏటా కట్టే గ్రంథాలయ సెస్సుతోనే కట్టించమని అడగొచ్చా? ఎంపీ నిధులు, సీఎస్‌ఆర్ (కంపెనీలు సామాజిక సేవకు పెట్టే డబ్బు), అమెరికాలోని మా ఊరివాళ్ళ చందాలు, వీటిలో ముందు దేన్ని పట్టుకోవాలి?

సెస్సులెక్కలు:
ముందు స్థలం సంగతి తేల్చండి. జిల్లా గ్రంథాలయ సంస్థ పేరిట గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ చేయించండి. నోటిమాటను, నోటరీ కాగితాన్ని నమ్మి ఎవరూ పైసా విదల్చరు. అంతకంటే ముందు ఈసీ (స్థలం మీద అప్పులు, లావాదేవీలు చూపే రిజిస్ట్రేషన్ శాఖ ధ్రువపత్రం) తీయించి తాకట్టు లేదని చూసుకోండి. యువజన సంఘం పేరిట రాయించుకుంటే తర్వాత ఎంపీ నిధుల దగ్గర చిక్కొస్తుంది.

ఇక సెస్సు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు. పంచాయతీ పన్ను 6 లక్షలైతే సెస్సు 48 వేలు. అదీ మీ ఊరికే రావాలని లేదు, జిల్లా సంస్థ నిధిలో కలుస్తుంది. కాబట్టి దాంతోనే భవనం లేవదు. కానీ స్థానిక సంస్థలు వసూలు చేసిన సెస్సును జమ చేయకపోవడం పాత రోగం. మూడేళ్ళ డిమాండ్, వసూలు, జమ, చలానా నంబర్లతో సహా పంచాయతీని ఆర్టీఐ కింద అడగండి. గ్రామస్థాయిలో దరఖాస్తు రుసుము లేదు, గడువు 30 రోజులు. బకాయి అంకె చేతిలో ఉంటే సంస్థ కార్యదర్శితో మాట తేలిగ్గా సాగుతుంది.

చందాపద్దు:
ఎంపీ నిధులు మీ చేతికి రావు. ఎంపీ సిఫార్సు చేస్తారు, జిల్లా యంత్రాంగం మంజూరు చేసి ప్రభుత్వ ఇంజనీర్లతో కట్టిస్తుంది. స్థలం కొనడానికి పనికిరావు. కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులో ప్రజా గ్రంథాలయాల ఏర్పాటు పేరుపెట్టి ఉంది, కాబట్టి సీఎస్‌ఆర్ అడగడానికి మొహమాటం అక్కర్లేదు. అలా కట్టిన ఆస్తి కంపెనీ పేరిట ఉండకూడదు, ప్రభుత్వ సంస్థ పేరిట ఉండొచ్చు. డబ్బు మీ సంఘం ద్వారానే ఖర్చవ్వాలంటే ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ గుర్తింపులు, కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర నమోదుకు సీఎస్‌ఆర్-1 నంబరు కావాలి.

అమెరికా చందాలతో మాత్రం భద్రం. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు బ్యాంకు ద్వారా పంపే సొంత డబ్బు విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళది, ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకిచ్చే) కార్డున్నా సరే, విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి లేకుండా సంఘం ఖాతాలో వేయించుకుంటే కేసవుతుంది. అనుమతి ఉన్న ఇంకో సంస్థకు పంపించి అక్కణ్ణుంచి మళ్ళించుకునే దారి 2020 సవరణతో మూసేశారు.

స్లాబ్‌బీమ్:
మేస్త్రీ లెక్కతో ఏ ఆఫీసుకూ వెళ్ళకండి, ఇంజనీరు సంతకమున్న ఎస్టిమేట్ కావాలి. జీఎస్‌టీ, వైరింగ్, ర్యాకులు, మరుగుదొడ్డి అందులో ఉన్నాయో లేదో చూడండి, సాధారణంగా వదిలేసేవి ఇవే. ఇంటి స్లాబుకు చదరపు మీటరుకు 200 కిలోల బరువు లెక్కేస్తారు, పుస్తకాల ర్యాకుల గదికి 600. ర్యాకులు కిందే పెట్టండి. మున్ముందు పై అంతస్తు వేసే ఆలోచనుంటే పునాది ఇప్పుడే దానికి తగ్గట్టు వేయాలి.

పల్లెపాఠకుడు:
గ్రంథాలయాలకు సాయం చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, రాజా రామ్మోహన్ రాయ్ ఫౌండేషన్ మాటేమిటి?

సెస్సులెక్కలు:
కోల్‌కతాలోని ఆ ఫౌండేషన్‌కు నేరుగా రాయకండి. రాష్ట్ర గ్రంథాలయ శాఖ ద్వారానే వెళ్ళాలి. స్థలం దస్తావేజు, ప్లాను, ఎస్టిమేట్ జతచేయాలి. డబ్బు విడతలుగా వస్తుంది, ముందు విడతకు వినియోగ ధ్రువపత్రం ఇస్తేనే తర్వాతిది. ఆ సందులో పని ఆగకుండా స్థానిక చందాలు కొంత చేతిలో ఉంచుకోండి.