చూడి పందులకు అమైనో ఆమ్లాలు విడిగా కలపాలా, సోయా చెక్క పెంచితే చాలా?

రఘు:
అందరికీ నమస్కారం. మా ఫారంలో ఈ విషయం మీద ఇద్దరి మాట కలవడం లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను. చూడి పందికి రోజుకు రెండు కిలోల దాణా ఇస్తాం. అందులో మొక్కజొన్న 1.6 కిలోలు, సోయా చెక్క 200 గ్రాములు, తవుడు 200 గ్రాములు. ఖనిజ మిశ్రమం, విటమిన్లు మామూలే. 90వ రోజు దాటాక ఇంకో 400 గ్రాములు పెంచుతాం. పిల్లల సంఖ్యకు లోటు లేదు గానీ ఒకే ఈతలో ఒక పిల్ల కిలోన్నర ఉంటే దాని పక్కది తొమ్మిది వందల గ్రాములు కూడా తూగడం లేదు. ఆ చిన్నవి రొమ్ము దగ్గర పెద్దవాటితో పోటీ పడలేక రెండు మూడు రోజుల్లోనే పోతున్నాయి. మొదటి ఈత పందుల్లో ఇది మరీ ఎక్కువ.

దాణా ఆడించి ఇచ్చేవాళ్లు "సోయా చెక్క పెంచండి, కావలసినవన్నీ అందులోనే ఉన్నాయి" అంటున్నారు. మా డాక్టరు గారేమో జత కట్టించిన రోజు నుంచి ఈనే దాకా ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం పొడి కలపమంటున్నారు. రెండూ చేసే స్థోమత లేదు. దేనికి ముందు ఖర్చు పెట్టాలి?

దాణాలెక్కలు:
రఘు గారూ, ఆర్జినిన్ సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ దాణాలో లైసిన్ ఎంతుందో తేల్చాలి. అమైనో ఆమ్లాలంటే ప్రొటీన్‌ను కట్టే ఇటుకల్లాంటివి; మొక్కజొన్న, సోయా కలిపిన దాణాలో వాటిలో మొట్టమొదట తక్కువపడేది లైసినే. అది చాలకపోతే మిగతావి ఎంత ఉన్నా ఒంటికి పట్టవు, యూరియాగా మారి మూత్రంలో పోతాయి.

కిలో మొక్కజొన్నలో లైసిన్ సుమారు రెండున్నర గ్రాములు, సోయా చెక్కలో 29, తవుడులో 6. మీ రెండు కిలోలకు లెక్క కడితే 4, 5.8, 1.2, వెరసి 11 గ్రాములు. అందులో అరిగి రక్తంలోకి చేరేది 9. అమెరికా జాతీయ పరిశోధన మండలి 2012లో ఇచ్చిన పట్టికల ప్రకారం మొదటి ఈత పందికి 90వ రోజు వరకు రోజుకు దాదాపు 11 గ్రాముల జీర్ణమయ్యే లైసిన్ కావాలి, ఆ తర్వాత దాదాపు 17. మీరు చివర్లో పెంచే 400 గ్రాముల దాణాతో వచ్చేది 1.8 గ్రాములే. అంటే సరిగ్గా అవసరం పెరిగే చివరి నెలలో ఆ పడుచు పందికి రోజూ ఆరు గ్రాముల పైనే లోటు. నాలుగైదు ఈతలు దాటిన పందికి సొంత ఎదుగుదల ఉండదు కాబట్టి ఇంతకన్నా బాగా తక్కువ చాలు. మీ చిన్న పిల్లలు మొదటి ఈతల్లోనే ఎక్కువగా ఎందుకు కనిపిస్తున్నాయో చూడటం ఇక్కడ మొదలుపెట్టండి.

సుమతి (పశువైద్యం):
లైసిన్ లెక్క సరే. కానీ ఆర్జినిన్‌ను లైసిన్ పక్కన పెట్టి తూచకూడదు. లైసిన్ కండ కట్టడానికి కావాలి. ఆర్జినిన్ పని వేరు. దాని నుంచి నైట్రిక్ ఆక్సైడ్, పాలీఅమైన్లు తయారవుతాయి, ఇవి మాయలో (పిండానికి తల్లి నుంచి పోషణ అందించే భాగంలో) కొత్త రక్తనాళాలు పుట్టడానికి, ఉన్నవి వెడల్పు కావడానికి కావాలి. పంది మాయ ఎక్కువగా ఎదిగేది 20 నుంచి 60–70 రోజుల మధ్య. ఆ రోజుల్లో ఏ పిండానికి మాయలో చోటు తక్కువ దొరికిందో అదే చివరికి తొమ్మిది వందల గ్రాముల పిల్లగా పుడుతుంది. 110వ రోజున లైసిన్ పోసి దాన్ని సరిచేయలేం.

టెక్సాస్‌లో చేసి 2007లో ప్రచురించిన ప్రయోగం ఉంది. మొదటి చూడి పందులకు 30వ రోజు నుంచి 114వ రోజు వరకు దాణాలో 1 శాతం ఆర్జినిన్ హైడ్రోక్లోరైడ్ కలిపారు. బతికి పుట్టిన పిల్లలు ఈతకు సగటున రెండు పెరిగాయి, ఈత మొత్తం బరువు 24 శాతం పెరిగింది. పోల్చిన పందులకు అంతే నత్రజని వచ్చేలా అలనిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం ఇచ్చారు కాబట్టి ఇది ఉత్త ప్రొటీన్ పెంచడం వల్ల వచ్చిన ఫలితం కాదు. రఘు గారి డాక్టరు గాల్లోంచి చెప్పలేదు.

వెంకట్:
మేడమ్, ఆ ప్రయోగం కొద్ది పదుల పందుల మీద చేసింది. తర్వాత చేసినవాటిలో కొన్నింట్లో లాభం కనిపించింది, కొన్నింట్లో ఏమీ లేదు. రెండు పిల్లలు పెరగడం అనేది అందరికీ వచ్చే ఫలితం అని చెప్పలేం. ఇంకో సంగతి, మీరు చెప్పిన ఆ 1 శాతం అంటే రెండు కిలోల దాణాకు రోజూ 20 గ్రాములు. 84 రోజులకు పందికి 1.7 కిలోల పొడి. లైసిన్ లోటు తీర్చడానికి చివరి నెలలో రోజుకు 8 గ్రాముల పొడి చాలు. పైగా ఆర్జినిన్ లైసిన్ కన్నా ఖరీదు. చేతిలో డబ్బు తక్కువ ఉన్న రైతుకు ఏది ముందు చెప్పాలి?

అన్నిటికన్నా ముఖ్యం, "జత కట్టించిన రోజు నుంచి" అన్న మాట నన్ను భయపెడుతోంది. అదే టెక్సాస్ బృందం 2010లో 0.8 శాతం ఆర్జినిన్‌ను మొదటి రోజు నుంచి 25వ రోజు వరకు ఇచ్చి చూస్తే పిండాల సంఖ్య తగ్గింది. పెరగలేదు, తగ్గింది!

సుమతి (పశువైద్యం):
వెంకట్ గారు చెప్పిన 2010 ఫలితం నిజం. అందుకే నేను మొదటి రెండు వారాలు ఆర్జినిన్ జోలికి వెళ్లవద్దనే చెబుతాను. వాళ్లే తర్వాత 14 నుంచి 25వ రోజు మధ్య ఇచ్చి చూస్తే పిండాలు ఎక్కువగా నిలిచాయి. పిండం గర్భసంచి గోడకు అతుక్కునే రోజులవి. అదే పొడి, మొదలుపెట్టిన రోజులో రెండు వారాల తేడాతో ఫలితం తిరగబడింది. కాబట్టి రఘు గారూ, ఇవ్వాలనుకుంటే 14వ రోజు తర్వాతే మొదలుపెట్టండి, ఈ మాట మీ డాక్టరు గారికి కూడా చెప్పండి. దాణాను తొట్టెల్లో గుంపుగా పెడితే ఏ పందికి ఏ రోజో తెలియదు, అప్పుడు అసలు ఇవ్వకపోవడమే క్షేమం.

ఖర్చు మాట ఒప్పుకుంటాను. కానీ లైసిన్ పెంచితే పిల్లల బరువు పెరుగుతుందని మీరు ఎక్కడ చూశారు? 2016లో కాన్సాస్ వాళ్లు ప్రచురించిన పెద్ద ప్రయోగం ఉంది, ఉత్పత్తి ఫారంలో 1,100 పందుల మీద. 90 నుంచి 111వ రోజు వరకు కొన్నింటికి రోజుకు 10.7 గ్రాముల లైసిన్, కొన్నింటికి 20 గ్రాములు. పుట్టిన పిల్లల బరువులో లైసిన్ వల్ల తేడా రాలేదు. మేతతో అందే శక్తి పెంచితే పిల్లకు 30 గ్రాములు మాత్రం పెరిగింది, దానితోపాటు పెద్ద పందుల్లో చనిపోయి పుట్టేవి పెరిగాయి.

దాణాలెక్కలు:
మంచి ప్రశ్న. ఆ ప్రయోగం నాకు తెలుసు, దాన్ని పక్కన పెట్టే ఉద్దేశం లేదు. పిల్ల బరువు కోసమే లైసిన్ పెంచితే నిరాశే మిగులుతుంది, నిజం. కానీ తల్లి పంది తన ఒంట్లో కండ కరిగించి అయినా పిండాలకు ఇస్తుంది, అందుకే పుట్టిన పిల్ల బరువులో లోటు బయటపడదు. అది ఎక్కడ బయటపడుతుందో చూడండి.

70వ రోజు వరకు ఒక్కో పిండంలో రోజుకు చేరే ప్రొటీన్ పావు గ్రాము. ఆ తర్వాత 4.6 గ్రాములు. పొదుగూ అంతే: 80వ రోజు దాకా ఒక్కో పాల గ్రంథిలో రోజుకు 0.14 గ్రాములు, ఆ తర్వాత 3.4. పద్నాలుగు పిండాలు, పద్నాలుగు రొమ్ములు అనుకోండి. రోజుకు 110 గ్రాముల పైన ప్రొటీన్ కొత్తగా తయారవ్వాలి. అందులో ఒక్క లైసినే ఏడు గ్రాములు. పట్టికలో చివరి నెలకు 11 కాస్తా 17 ఎందుకైందో ఇక్కడే తెలుస్తుంది. దాణాలో లేకపోతే అది తల్లి కండలోంచి రావాలి. మొదటి ఈత పందికి తనకే ఇంకా ఎదుగుదల మిగిలి ఉంది. అది కండ పోగొట్టుకుని ఈనితే, పాలిచ్చే రోజుల్లో ఇంకా చిక్కిపోతుంది, పిల్లల్ని విడదీశాక ఎదకు ఆలస్యంగా వస్తుంది, రెండో ఈతలో పిల్లలు తగ్గుతాయి. రైతు అప్పుడు మగ పందిని తప్పుపడతాడు. నాకు బాధ కలిగించేది అదే.

పద్మజ:
మధ్యలో ఒక మాట. లైసిన్ ఒక్కటే పోస్తే త్రియోనిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం తక్కువపడి అక్కడ ఆగిపోతారు. చూడి పందికి లైసిన్ 100 అనుకుంటే త్రియోనిన్ 70కి పైగా కావాలి. ఎదిగే పందులకన్నా ఈ నిష్పత్తి ఎక్కువ, ఎందుకంటే పేగు లోపలి జిగురు పొరలో త్రియోనిన్ మెండుగా ఉంటుంది, అది రోజూ మలంలో పోతూనే ఉంటుంది. తవుడులాంటి పీచు మేత పెరిగేకొద్దీ ఆ నష్టం కూడా పెరుగుతుంది. ఇక్కడ సోయా చెక్క పక్షాన మాట్లాడక తప్పదు. అది త్రియోనిన్‌తో పాటు ట్రిప్టోఫాన్, మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాలు కూడా వెంట తెస్తుంది.

అలాగని మొత్తం సోయాతోనే తీర్చాలన్నా ఇబ్బందే. అక్కరలేని ప్రొటీన్ అంతా నత్రజనిగా బయటికి పోతుంది, మూసిన షెడ్డులో అమ్మోనియా కళ్లు మండిస్తుంది, పందుల ఊపిరితిత్తులకూ మంచిది కాదు. సగం సోయా, సగం పొడి అన్నదే నా మాట.

రఘు:
నాకు ఇప్పుడు కొంత స్పష్టత వచ్చింది. మా దగ్గర ఇబ్బంది ఏమిటంటే పడుచువి, పెద్దవి ఒకే తొట్టెలో తింటాయి. పెద్దవి తోసేసి తింటాయి. ఇక ఆర్జినిన్ గురించి, మా పొరుగు ఫారం అతను వాడాక ఈతకు ఒక పిల్ల పెరిగిందని చెబుతున్నాడు. దాన్ని నమ్మవచ్చా?

వెంకట్:
అతను అబద్ధం చెబుతున్నాడని అనను. కానీ ఒక పందికీ ఇంకో పందికీ ఈతలో మూడు పిల్లల దాకా తేడా ఉండటం మామూలే. అంత హెచ్చుతగ్గుల్లో ఒక్క పిల్ల తేడా నిజమని తేలాలంటే పొడి ఇచ్చినవి 140, ఇవ్వనివి 140 పందులైనా ఒకే కాలంలో పక్కపక్కన ఈనాలి. ఇరవై ముప్పై పందుల ఫారంలో ఎవరి కంటికీ అది దొరకదు. ఈ మాట లైసిన్‌కూ వర్తిస్తుంది, అందుకే నేను లైసిన్ విషయంలో ఫారం అనుభవాలు కాకుండా ఒంటి అవసరం లెక్కనే నమ్ముతున్నాను.

సుమతి (పశువైద్యం):
ఇక్కడ వెంకట్ గారితో నాకు పేచీ లేదు. నా మాట ఒక్కటే: లైసిన్ లోటు తీరాక, పందులను విడివిడిగా మేపే ఏర్పాటు ఉన్నవాళ్లు ఆర్జినిన్ ప్రయత్నించడంలో అర్థం ఉంది. లోటు ఉండగానే దాన్ని గుమ్మరించకూడదు, రెండూ పేగులో ఒకే దారిన లోపలికి వెళ్లాలి, ఒకటి మరీ ఎక్కువైతే రెండోదానికి అడ్డం వస్తుంది. రఘు గారి ఫారానికి ఈ ఏడాది ఆర్జినిన్ వద్దు.

దాణాలెక్కలు:
రఘు గారూ, అయితే ముందు పడుచు పందులను 85వ రోజుకల్లా వేరే కొట్టంలోకి మార్చండి. అది చేయకుండా దాణా మార్చితే పెద్దవి లావెక్కి ఈనేటప్పుడు కష్టపడతాయి, పాలిచ్చే రోజుల్లో మేత సరిగా తినవు.

వాటికి 90వ రోజు నుంచి 100 కిలోల దాణాకు మొక్కజొన్న 74, సోయా చెక్క 16, తవుడు 10 పాళ్లలో కలపండి. మీ ఖనిజాలు, విటమిన్లు ఇప్పటిలాగే. దీనికి లైసిన్ పొడి 150 గ్రాములు, త్రియోనిన్ 60 గ్రాములు. రోజుకు 2.4 కిలోలు తింటే జీర్ణమయ్యే లైసిన్ 17 గ్రాములు అందుతుంది. సంచి మీద లైసిన్ 78 శాతం అని ఉందో లేదో చూసి కొనండి, తక్కువ శాతం రకాలూ అమ్ముతారు, వాటికి ఈ కొలత కుదరదు. పొడిని నేరుగా గుట్ట మీద చల్లవద్దు. ముందు కిలో మొక్కజొన్న పిండిలో బాగా కలిపి, దాన్ని పది కిలోల్లో కలిపి, అప్పుడు మొత్తంలో పోయండి. లేకపోతే ఒక పందికి అంతా, ఇంకోదానికి ఏమీ రాదు.

రఘు:
కొట్టం ఖాళీ చేయిస్తున్నాను. ఒక్క సందేహం, ఈనే ముందు రోజు వరకు ఇదే ఇవ్వాలా?

పద్మజ:
ఇదే ఇవ్వండి. చివరి రెండు రోజులు మలబద్ధకం రాకుండా తవుడు కాస్త పెంచి, నీళ్లు ధారాళంగా వస్తున్నాయో లేదో నిపుల్ నొక్కి చూసుకోండి.