షార్లెట్ 600కు వాన గండం: సోమవారం తెల్లారుజామున అలారం పెట్టాల్నా, వద్దా?

హన్మకొండ చౌరస్తా

అన్నలూ, ఈ ఆదివారం అమెరికాల షార్లెట్ ట్రాక్ మీద కోకాకోలా 600, అంటే నాస్కార్ కార్ల 600 మైళ్ల రేసు. అక్కడ సాయంత్రం 6 అంటే మనకు సోమవారం తెల్లారుజామున 3:30. ఫోన్ల వెదర్ యాప్ తెరిస్తే ఆదివారానికి ఉరుముల వాన, 60 శాతం అని చూపిస్తున్నది. శనివారం క్వాలిఫైయింగ్ (రేసుల ఎవలు ఏ వరుసల నిలబడాల్నో తేల్చే టైము పరుగు) కూడా అనుమానమే. కాజీపేట రూముల నలుగురం కలిసి చూద్దామనుకున్నం, తొమ్మిదిన్నరకు అందరికీ డ్యూటీలు ఉన్నయి.

60 శాతం అంటే లేవాల్నా, పండాల్నా? నడుమల వాన పడితే ఎన్ని ల్యాపులు (ట్రాక్ చుట్లు) అయితే రేసు అయినట్టు లెక్క? రిచ్‌మండ్‌ల, న్యూ హాంప్‌షైర్‌ల తడి టైర్ల మీద నడిపిండ్రు గదా, షార్లెట్‌ల ఎందుకు నడపరు? ఇంకొకటి, మా బావ అక్కడ్నే కాన్‌కార్డ్‌ల ఉంటడు, టికెట్లు కొన్నడు. వాయిదా పడితే ఆయన సంగతేంది? "వానను ఎవలు ఆపుతరు" అనే జవాబు వద్దు, లెక్క చెప్పుండ్రి.

వడ్డేపల్లి చెరువుకట్ట

తమ్మీ, ఆ 60 రోజు మొత్తానికి కలిపి ఇచ్చిన అంకె. దాంతోని ఏం తేలదు. గంటగంటకు ఇచ్చే పట్టిక తెరువు. మే నెలాఖరుల అక్కడి వాన మన ఎండకాలపు గాలిదుమారం లెక్కనే ఉంటది. పొద్దంతా ఎండ, ఉక్కపోత, పడమటి కొండల మీద మబ్బు లేసుడు, సాయంత్రానికి ఇటు దిగుడు, పొద్దుగూకినంక బలం తగ్గుడు. వాళ్ల టైము ప్రకారం మధ్యాహ్నం 3 నుంచి రాత్రి 8 దాకనే అంకె పెద్దగ ఉండి, తర్వాత 20కి పడిపోతే ఖుషీగ ఉండు, రేసు ఆలస్యమైనా అదే రాత్రి అయితది. రాత్రంతా 60, 70 అనే ఉంటే అది ముసురు పట్టినట్టు. వాయిదాకు మనసు గట్టి చేసుకో.

యాప్ బొమ్మల కన్నా అమెరికా జాతీయ వాతావరణ సేవ సైటు మేలు. షార్లెట్ ప్రాంతాన్ని చూసేది గ్రీన్‌విల్-స్పార్టన్‌బర్గ్ ఆఫీసు. వాళ్లు అంకెల పట్టికతో పాటు ఒక చర్చా వ్యాసం కూడా పెడతరు. వాన ఎటునుంచి వస్తది, ఏ గంటల ఆగుతది, తమకు ఎంత నమ్మకం అనేది మాటలల్ల రాస్తరు. అసలు సరుకు అదే. జడ్ అనే గుర్తు ఉన్న టైములు ప్రపంచ ప్రామాణిక టైము (యూటీసీ), వాటికి ఐదున్నర గంటలు కలుపుకో. 22 జడ్ అంటే మనకు 3:30, అంటే రేసు మొదలయ్యే టైము.

ట్రాక్ పక్కపొంటే కాన్‌కార్డ్ విమానాశ్రయం ఉన్నది, కోడు కేజేక్యూఎఫ్. దాని తాజా రిపోర్టుల ఉష్ణోగ్రత ఎంత, డ్యూ పాయింట్ (గాలిల తేమ నీటి చుక్కలుగ మారే ఉష్ణోగ్రత) ఎంత అని చూడు. రెండింటి నడుమ ఏడెనిమిది డిగ్రీల తేడా ఉంటే తడి తొందరగ ఆరుతది. ఒకటి రెండు డిగ్రీలే ఉంటే వాన ఆగినా గాలి నిండా తేమనే, ఆరబెట్టే బండ్లు ఎన్ని తిరిగినా ఫాయిదా తక్కువ. అందరూ వాననే చూస్తరు, రాత్రి రేసును చంపేది మాత్రం ఎక్కువసార్లు ఈ తేమనే.

ఇగ నిద్ర లెక్క. ఆదివారం రాత్రి 9:30కి, అంటే అక్కడ మధ్యాహ్నం 12కు, ఒకసారి చూసి పండుకో. 3:15కు అలారం. లేసి రాడార్ ఒక్కటే చూడు. ట్రాక్‌కు పడమర దిక్కు గంట దూరంల ఎర్రటి మబ్బు ఉంటే మళ్ల పండుకొని 5:30కి లే. ఎందుకంటే 4 గంటలకు వాన మొదలై 4:30కి ఆగినా, మైలున్నర ట్రాక్ ఆరేతందుకు ఇంకో గంటన్నర పడుతది, తేమ ఉంటే అంతకన్నా ఎక్కువ. ఆరు కాకముందు పచ్చ జెండా లేవదు, అంటే రేసు నడవదు.

ఖిలా తూర్పు కోట

ల్యాపుల లెక్క నేను చెప్త. నియమం ఏందంటే సగం దూరం గానీ, రెండో స్టేజ్ చివర గానీ, ఏది ముందు వస్తే అది దాటినంక రేసు అధికారికం. 600 మొత్తం 400 ల్యాపులు, నాలుగు స్టేజులు (భాగాలు), ఒక్కోటి 100. కాబట్టి ఇక్కడ రెండూ 200 కాడనే కలుస్తయి. డేటోనా 500 అనే ఇంకో నాస్కార్ రేసుల అట్ల కాదు, అక్కడ సగం 100, రెండో స్టేజ్ అయ్యేది 130కి. ముందు వచ్చేది 100 కాబట్టి అదే లెక్క.

పచ్చ జెండా మీద ల్యాపు 30 సెకండ్లకు అటూ ఇటూ. పసుపు జెండాలు (ప్రమాదమో, వానో వస్తే కార్లు మెల్లగ తిరిగే ల్యాపులు) కలుపుకుంటే 100 ల్యాపులకు గంటా పది నిమిషాలు అనుకో. సాయంత్రం 6 అన్నా పాటలు, పరిచయాలు అయ్యేటాళ్లకు 3:50కి గానీ జెండా ఊపరు. అంటే వాన లేకుంటే 200వ ల్యాపు మనకు 6:10 ప్రాంతంల. నీకు కావాల్సిన టైము అదే. వాన అంతకుముందు వచ్చి ఆగకపోతే మిగిలింది సోమవారానికి పోతది. దాని తర్వాత వస్తే అక్కడికక్కడే ముగించే హక్కు నాస్కార్ వాళ్లకు ఉన్నది. హక్కు ఉన్నది గదాని మొదటి చినుక్కే ముగించరు. అక్కడ లైట్లు ఉన్నయి, టైము ఉంటే ఆరబెట్టి నడిపిస్తరు.

2024ల ఏమైంది? 249వ ల్యాపు కాడ ఆపిండ్రు. వాన ఆగింది, ట్రాక్ ఆరబెట్టుడు కూడా మొదలైంది, తేమ వల్ల ఎంతకూ ఆరకపాయె. రాత్రి పొద్దుపోయినంక అక్కడికి ముగించి, ముందున్న క్రిస్టఫర్ బెల్‌ను విజేత అన్నరు. అదే రోజు ఇండియానాపోలిస్‌ల జరిగే ఇండీ 500 అనే వేరే రేసు కూడా వానకు ఆలస్యమై, అది నడిపి ఉరికొచ్చిన కైల్ లార్సన్ హెల్మెట్ పెట్టుకునే టైముకు ఇక్కడ వాన. ఆయన కారును జస్టిన్ ఆల్‌గయర్ నడిపిండు, లార్సన్ ఒక్క ల్యాపు కూడా తిప్పలే. 2023ల ఆదివారం మొత్తం కొట్టుకపోయింది, సోమవారం నడిపితే రయన్ బ్లేనీ గెలిచిండు.

వాన కన్నా మెరుపు ఇంకా సతాయిస్తది. ట్రాక్‌కు 8 మైళ్ల లోపల, అంటే మన లెక్కల దాదాపు 13 కిలోమీటర్లు, పిడుగు పడ్డట్టు నమోదైతే 30 నిమిషాలు అంతా బంద్. ఆ 30ల ఇంకొకటి పడితే గడియారం మళ్ల మొదటి నుంచి. చినుకు లేకున్నా గంటన్నర గిట్లనే గడిచిపోవచ్చు. టీవీల ట్రాక్ ఎండిపోయి కనిపిస్తున్నది, ఎందుకు ఆపిండ్రు అని ఇక్కడ ప్రతిసారి ఒకలు అడుగుతరు. జవాబు ఇదే.

ట్రెడ్ లేని టైరు

తడి టైర్ల ప్రశ్నకు చాలామంది "ఓవల్ (గుడ్డు ఆకారపు ట్రాక్) మీద నడపరు" అని ఒక ముక్కలో తేల్చేస్తారు, అది సగమే నిజం. గుడ్‌ఇయర్ తడి టైరు చిన్న, చదును ఓవళ్లకు ఉంది. మార్టిన్స్‌విల్ 0.526 మైలు, రిచ్‌మండ్ 0.75, న్యూ హాంప్‌షైర్ 1.058. అక్కడ కూడా కుండపోతలో నడపడానికి కాదు, చెమ్మగా ఉన్న ట్రాక్ మీద నడపడానికి. దాని ఉపయోగం ఆరబెట్టే సమయాన్ని తగ్గించడం: నిలిచిన నీళ్లు తీసేస్తే చాలు, పొడిగా అయ్యేదాకా ఆగక్కర్లేదు. 2024 మార్చిలో రిచ్‌మండ్‌లో తడి టైర్లతో మొదలుపెట్టి, 30 ల్యాపుల తర్వాత ఆపి మామూలు టైర్లకు మార్చారు. అదే ఏడాది జూన్‌లో న్యూ హాంప్‌షైర్‌లో రెండు గంటలకు పైగా ఆగి, మిగతా ల్యాపులన్నీ వాటి మీదే ముగించారు.

షార్లెట్ మైలున్నర, మలుపుల వాలు 24 డిగ్రీలు, వేగం గంటకు 290 కిలోమీటర్ల చుట్టుపక్కల. మామూలు టైరుకు గాడి ఉండదు, నీళ్లు పక్కకు పోయే దారే లేదు. గాడి ఉన్న టైరైనా ఆ వేగంలో ఆ నీటిని పక్కకు నెట్టలేదు, రబ్బరుకూ తారుకూ మధ్య నీటి పొర నిలుస్తుంది, కారు తేలుతుంది. పైగా వాలు మీద కుడివైపు టైర్ల మీద బరువు ల్యాపంతా దాదాపు వదలకుండా ఉంటుంది. ట్రాక్ ఆరుతున్న కొద్దీ మెత్తటి తడి రబ్బరు వేడెక్కి ముక్కలుగా లేచిపోతుంది. ఇక వెనకాల వచ్చే ముప్ఫై పైచిలుకు కార్లకు తుంపర తప్ప ఏమీ కనపడదు.

"మరి అదే షార్లెట్‌లో రోవల్ (ఓవల్‌కు లోపలి వంకర రోడ్డు కలిపిన ట్రాక్) మీద 2020లో తడి టైర్లతో మొదలుపెట్టారు కదా" అంటారు. నిజమే, వాలు అదే. కానీ రోవల్‌లో మధ్య మధ్య బ్రేకు కొట్టించే వంకరలు పెట్టి వేగం విరగ్గొట్టారు, కార్లకు వైపర్లు, వెనక లైటు ఉన్నాయి.

ఆరబెట్టే క్రమం టీవీలో ఎలా గుర్తుపట్టాలంటే: ముందు ఎయిర్ టైటన్ బండ్లు వరుసగా వచ్చి ఒత్తిడి గాలితో నీటిని వాలు మీంచి కిందికి నెడతాయి, వ్యాక్యూమ్ బండ్లు ఆ నీటిని పీలుస్తాయి, వెనక జెట్ ఇంజను బండ్లు మిగిలిన చెమ్మను వేడిగాలితో ఆవిరి చేస్తాయి. (2012 డేటోనాలో డ్రైవర్ మోంటోయా కారు గుద్దింది ఈ జెట్ బండినే.) మొదటి రెండూ కనిపిస్తున్నంతసేపు మీరు టీ పెట్టుకోవచ్చు. జెట్ బండ్లు మాత్రమే తిరుగుతూ, డ్రైవర్లను పిలుస్తున్నారంటే అరగంటలో కదలిక ఉంటుంది. ఒక్క చిక్కు మాత్రం కనపడదు. తారు అతుకుల్లోంచి నీళ్లు ఊటలా పైకి వస్తుంటాయి. ట్రాక్ అంతా ఆరాక కూడా మలుపులో చేయంత మచ్చ మిగిలి అందరినీ ఇరవై నిమిషాలు నిలబెడుతుంది.

హన్మకొండ చౌరస్తా

మస్తు క్లియర్. మరి క్వాలిఫైయింగ్ కొట్టుకపోతే వరుస ఎట్ల? వాన పడ్డదంటే ఎవలకు లాభం?

ఖిలా తూర్పు కోట

వరుస కోసం ముందటి రేసుల ఎక్కడ ముగించిండ్రు, ఓనర్ పాయింట్ల (కారు ఓనర్ పేరు మీద జమయ్యే పాయింట్లు) పట్టికల ఎన్నో స్థానం అనే లెక్క కడతరు. ఆదివారం మీద దాని అసలు దెబ్బ పిట్ గది (టైర్లు, పెట్రోలు కోసం కారు ఆగే చోటు) ఎంపికల పడుతది. ఆ వరుసలనే గదులు ఎంచుకుంటరు, పిట్ బయటికి పోయే కొసకున్న మొదటి గది ఎప్పుడూ బంగారమే. అప్పటికే బాగ నడుస్తున్నోళ్లకే మళ్ల లాభం అన్నట్టు.

వాన ట్రాక్ మీది రబ్బరును కడిగేస్తది. ఆరినంక పట్టు వేరే ఉంటది, టైర్ల అరుగుడు కూడా ముందు చెప్పలేం. అందుకని మొదట్లనే ఒక కాంపిటీషన్ కాషన్ (ముందే అనుకొని ఇచ్చే పసుపు జెండా) పెడతరు, క్రూ చీఫ్‌లు (ఒక్కో కారు టీము పెద్దలు) పాత టైర్లు విప్పి అరుగుదల చూసుకొని గాలి ఒత్తిడి సరిచేసుకుంటరు. ఎర్ర జెండా (రేసు పూర్తిగ ఆపుడు) కింద కారు ఆగి ఉన్నప్పుడు మాత్రం ఎవలూ చెయ్యి పెట్టొద్దు, కవరు కప్పుకోవాలె అంతే.

నువ్వు కన్నార్పకుండ చూడాల్సింది 200 నుంచి 255 దాకా. 200 కాడ స్టేజ్ అయిపోతది, దాదాపు అందరూ పిట్‌కు పోతరు. ఒక ట్యాంకు మీద 50 చిల్లర ల్యాపులు వస్తయి కాబట్టి పచ్చ జెండా ఆగకుండ నడిస్తే మళ్ల 245, 255 నడుమల పోవాలె. అప్పుడు రాడార్‌ల మబ్బు దగ్గరికొచ్చిందనుకో, పిట్‌కు పోయినోడు వెనకబడ్తడు, పోనోడు ముందుంటడు, చినుకు పడితే ముందున్నోడే విజేత. పడకపోతే పోనోనికి పెట్రోలు అయిపోతది. 2009ల డేవిడ్ రాయిటిమన్ గెలిచింది గిట్లనే. వాన పసుపు జెండాకు ముందున్నోళ్లంతా పిట్‌కు దిగితే క్రూ చీఫ్ రాడ్నీ చైల్డర్స్ ఈయనను ట్రాక్ మీదనే ఉంచిండు. 227 ల్యాపులకు రేసు ముగిసింది. గెలుపు గెలుపే, వాన గెలుపని పాయింట్లు తగ్గియ్యరు.

కరీంనగర్ టు కాన్‌కార్డ్

మీ బావగారికి. ముందు టికెట్ ఫోనులో డౌన్‌లోడ్ చేసి పెట్టుకోమనండి, గేటు దగ్గర నెట్ పడిపోతుంది. వాయిదా పడితే అదే టికెట్ మరుసటి రోజుకు చెల్లుతుంది, పారేయొద్దు. ఆ ట్రాక్ యాజమాన్యానికి వాతావరణ హామీ అని ఒక పథకం ఉంది: వాయిదా పడిన రోజుకు రాలేకపోతే టికెట్ విలువకు క్రెడిట్ అడగొచ్చు. గడువు, షరతులు టికెట్ పేజీలో చదువుకోవాలి. సగం దాటి అధికారికమైన రేసుకు మాత్రం ఏమీ రాదు.

గొడుగు వద్దు, వెనకవాళ్లకు అడ్డం. మనిషికొక పాంచో, సీటు తుడవడానికి ఒక పాత టవల్, జత సాక్సులు జిప్ కవరులో. చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు పిల్లలకు తప్పనిసరి. మెరుపు హెచ్చరిక వచ్చిందంటే స్టాండు ఖాళీ చేయిస్తారు. అప్పుడు కారులోకి గానీ, గట్టి భవనంలోకి గానీ వెళ్లాలి, ఉత్త స్టాండు కింద నిలబడితే చాలదు. గడ్డి మైదానం పార్కింగ్ వాన తర్వాత బురద అవుతుంది, కారు గేటు వైపు ముఖం పెట్టి ఆపుకోమనండి.

సోమవారం మెమోరియల్ డే, ఇక్కడ సెలవే కాబట్టి వాయిదా పడినా జనం వస్తారు. మధ్యాహ్నం 12కి పెడితే మీకు సోమవారం రాత్రి 9:30, మూడు గంటలకు పెడితే రాత్రి 12:30. మీ నలుగురికీ నిజానికి వాయిదానే నయం.

వడ్డేపల్లి చెరువుకట్ట

ఒకటి మర్చిపోకుండ్రి, వాన షార్లెట్‌లనే పడాలని ఏం లేదు. గాలిదుమారం మన దిక్కు లేస్తే తెల్లారుజామున కరెంటు పోతది. రౌటర్ అడుగున వోల్టు ఎంత రాసి ఉన్నదో చూడు, చాలావాటికి 12 ఉంటది. దానికి సరిపోయే మినీ యూపీఎస్ పెట్టుకుంటే మూడు నాలుగు గంటలు లాగుతది. ఫైబర్ డబ్బా వేరే, రౌటర్ వేరే ఉంటే రెండింటికీ కరెంటు ఇయ్యాలె, ఒక్కదానికి ఇస్తే నెట్ రాదు. ఫోన్ల హాట్‌స్పాట్ మీద చూసేటట్టయితే 480 క్వాలిటీకి దించు. గంటకు ముప్పావు జీబీ దాకా పోతది, రోజుకు 2 జీబీ ప్యాకు మూడు గంటల కన్నా ఎక్కువ రాదు. ముందుగాల ఒకరి ఫోను వాడి, అయిపోయినంక ఇంకొకరిది ఎక్కియ్యుండ్రి, నలుగురున్నరు గదా.

హన్మకొండ చౌరస్తా

సరే అన్నా, 3:15కు అలారం పెడుతున్న. ఆదివారం రాత్రి 9:30కి ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్ రెండు అంకెలు ఇక్కడ్నే పెడత, చూసి చెప్పుండ్రి.